అందరూ వాడితే అందరికీ సమానమే కదా అంటారు, బేస్‌బాల్ స్టెరాయిడ్స్‌లో నష్టపోయింది ఎవరో చెప్తాను

"అమెరికా బేస్‌బాల్‌లో ఒకప్పుడు అందరూ స్టెరాయిడ్స్ వాడారంట, అందరూ వాడితే అందరికీ సమానమే కదా, మరి బారీ బాండ్స్ లాంటోళ్ళని ఇంకా దొంగల్లా ఎందుకు చూస్తారు, అసలు ఇందులో నష్టపోయింది ఎవరు" అని అడిగారు మీరు. అందరూ వాడలేదండి. నష్టపోయింది కూడా వాడనివాళ్ళే, అదీ మీరూ నేనూ ఎప్పుడూ పేరు వినని వాళ్ళు. ఈ మాట నేను పుస్తకాలు చదివి అనట్లేదు, అలా నష్టపోయిన ఒకాయన మా అబ్బాయికి కొన్నేళ్ళు పిచింగ్ (క్రికెట్లో బౌలింగ్ లాంటిది) నేర్పించాడు, ఆయన దగ్గర కూర్చుని విన్నాక ఈ గొడవంతా నాకు వేరేగా కనపడింది. ఆయన సంగతి చెప్పే ముందు కొంచెం వెనక కథ చెప్పాలి, లేకపోతే అర్థం కాదు.

నేను గుంటూరు నుంచి బే ఏరియాకి వచ్చింది తొంభైల చివర్లో. అప్పుడు ఆఫీసులో ఎవర్ని కదిపినా బేస్‌బాల్ మాటే. కారణం ఏంటంటే 1994లో ప్లేయర్లు స్ట్రైక్ చేశారు, ఆగస్టులో ఆట ఆగిపోయింది, ఆ ఏడు వరల్డ్ సిరీసే, అంటే ఫైనలే, జరగలేదు, జనానికి బాగా ఒళ్ళు మండింది. మళ్ళీ జనాన్ని స్టేడియంకి రప్పించింది 1998 సమ్మర్. సెయింట్ లూయిస్ టీమ్‌లో మార్క్ మెగ్వైర్, షికాగో కబ్స్‌లో సామీ సోసా, ఇద్దరూ పోటీపడి హోమ్ రన్లు కొట్టారు. హోమ్ రన్ అంటే క్రికెట్లో సిక్సర్ లాంటిదే గానీ చాలా అరుదు, ఒక బ్యాటర్ 162 మ్యాచ్‌ల సీజన్లో నలభై కొడితే గొప్ప. అంతకుముందు మేజర్ లీగ్, అంటే అన్నిటికన్నా పై లీగ్, చరిత్ర మొత్తంలో ఒక సీజన్లో అరవై దాకా వెళ్ళింది ఇద్దరే, 1927లో బేబ్ రూత్ 60, 1961లో రోజర్ మారిస్ 61. అలాంటిది 1998లో మెగ్వైర్ 70, సోసా 66. తర్వాతి ఏడు మళ్ళీ వీళ్ళిద్దరే 65, 63. 2001లో సోసా 64, మా శాన్ ఫ్రాన్సిస్కో టీమ్ జెయింట్స్ బ్యాటర్ బారీ బాండ్స్ 73. నాలుగేళ్ళలో ఆరుసార్లు. తర్వాత మళ్ళీ ఎవరైనా అరవై దాటడానికి 2022లో ఆరన్ జడ్జ్ దాకా ఆగాల్సొచ్చింది. ఈ అంకెలు ఒక్కసారి వరసగా చూడండి, వేరే సాక్ష్యం పెద్దగా అక్కర్లేదు.

బాండ్స్ ఆట నేను కళ్ళారా చూశాను. శాన్ ఫ్రాన్సిస్కోలో కొత్త స్టేడియం 2000లో తెరిచారు, రైట్ ఫీల్డ్ గోడ అవతల నీళ్ళే, మెకోవీ కోవ్ అంటారు, అక్కడ జనం చిన్న చిన్న పడవలేసుకుని బంతి కోసం కాసుక్కూర్చునేవాళ్ళు. ఆయన బ్యాటింగ్‌కి వస్తుంటే తినేవాళ్ళు తినడం ఆపేవాళ్ళు, బాత్రూమ్‌కి లేచినవాళ్ళు వెనక్కి వచ్చి నిలబడేవాళ్ళు. పిచర్లకి ఎంత భయమంటే 2004లో 120 సార్లు కావాలని బంతి దూరంగా వేసి ఊరికే ఫస్ట్ బేస్‌కి, అంటే పరుగు దారిలో మొదటి మజిలీకి, పంపించేశారు. ఆ చెయ్యి, ఆ కన్ను ఏ మందూ ఇవ్వలేదు, ఈ మాట నేను గట్టిగా నమ్ముతాను. ఆయన 1990, 92, 93ల్లోనే మూడుసార్లు ఎంవీపీ, అంటే ఆ ఏడు లీగ్‌లో బెస్ట్ ప్లేయర్. 1998కల్లా నాలుగొందల హోమ్ రన్లు, నాలుగొందల బేస్ స్టీలింగ్‌లు (పిచర్ బంతి వేస్తుండగానే పరిగెత్తి తర్వాతి బేస్ పట్టేయడం) ఉన్న ఒకే ఒక్క ప్లేయర్. ఏమీ వాడకపోయినా చరిత్రలో నిలిచిపోయేవాడు. కానీ మామూలుగా ఏ బ్యాటరైనా ముప్పై ఆరు, ముప్పై ఏడు వయసులో కిందకి జారతాడు, ఈయన ఆ వయసులో 73 కొట్టి, వరసగా ఇంకో నాలుగు ఎంవీపీలు తీసుకున్నాడు.

స్టెరాయిడ్స్ కొడితే బంతి తగలడం వచ్చేస్తుందా అని చాలామంది అడుగుతారు. రాదు. అది పనిచేసేది వేరేచోట. ఫిబ్రవరిలో స్ప్రింగ్ ట్రైనింగ్ మొదలైతే సెప్టెంబర్ ఆఖరుదాకా దాదాపు రోజూ మ్యాచే, రాత్రి ఆడి విమానం ఎక్కి తెల్లారి ఇంకో ఊళ్ళో దిగుతారు. ఆగస్టు వచ్చేసరికి మామూలు మనిషి ఒళ్ళు అరిగిపోతుంది. స్టెరాయిడ్ వేసుకున్నవాడు ఇవాళ బరువులెత్తి రేపు మళ్ళీ ఎత్తగలడు, కండ త్వరగా కోలుకుంటుంది, పెరుగుతుంది, బ్యాట్ వేగం కాస్త పెరుగుతుంది. ఆ కాస్తే మొత్తం. ఫెన్స్ ముందు ఫీల్డర్ చేతిలో పడాల్సిన బంతి ఫెన్స్ అవతల పడుతుంది. పిచర్లకీ అంతే, చెయ్యి త్వరగా తేరుకుంటుంది, స్పీడ్ నాలుగైదు మైళ్ళు పెరిగినా ఆ మనిషి జీవితమే మారిపోతుంది.

ఇప్పుడు మా కోచ్ సంగతి. పేరు చెప్పను, ఆయనకి నచ్చదు. తొంభైల చివర్లో ఒక టీమ్ మైనర్ లీగ్స్‌లో రిలీఫ్ పిచర్, అంటే మ్యాచ్ మధ్యలో మొదటి పిచర్ బదులు దిగేవాడు. మైనర్ లీగ్స్ అంటే రూకీ, సింగిల్-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ అని మెట్లు మెట్లుగా ఉంటాయి, పైన మేజర్ లీగ్. ఈయన డబుల్-ఏ దాకా ఎక్కాడు. అప్పట్లో అక్కడ జీతం ఎంతనుకున్నారు, నెలకి వెయ్యి డాలర్ల అటూ ఇటూ, అదీ సీజన్ ఉన్న నెలలే, చలికాలం గోడౌన్లలో పనిచేసుకుని బతికేవాళ్ళు. ఒక అపార్ట్‌మెంట్‌లో నలుగురైదుగురు నేలమీద పరుపులేసుకుని పడుకోవడం, రాత్రంతా బస్సు ప్రయాణాలు. ఈయన ఫాస్ట్‌బాల్ గంటకి 88, 89 మైళ్ళు. రూమ్మేట్‌దీ అంతే, ఇద్దరూ ఒకే రకం పిచర్లు, ఒకే మెట్టు మీద ఉన్నారు. ఒక చలికాలం తర్వాత రూమ్మేట్ తిరిగి వచ్చేసరికి మెడ, భుజాలు మారిపోయాయి, బంతి 94 వేస్తున్నాడు. దాచలేదట కూడా, ఎక్కడ దొరుకుతుందో, ఎంతవుద్దో, ఎన్ని వారాలు వెయ్యాలో అంతా చెప్పాడట, కావాలంటే నీకూ ఇప్పిస్తానన్నాడట. ఈయన వద్దన్నాడు. ఆ సమ్మర్‌లో రూమ్మేట్‌ని పైకి పిలిచారు, ఈయన్ని ఆ తర్వాతి ఏడు స్ప్రింగ్ ట్రైనింగ్‌లోనే రిలీజ్ చేశారు, అంటే టీమ్ నుంచి తీసేశారు.

రూమ్మేట్ మీద కోపం లేదా అని అడిగాను. లేదన్నాడు, వాడికి అప్పటికే ఒక బిడ్డ, ఇంటి అద్దె కట్టలేక సతమతమయ్యేవాడు, వాడి కష్టం నాకు తెలుసు అన్నాడు. ఆయన ఇప్పటికీ మర్చిపోలేనిది ఇంకోటి. పిచింగ్ కోచ్ అందరి ముందూ రూమ్మేట్‌ని నిలబెట్టి, చలికాలం కష్టపడితే ఎలా ఉంటుందో చూడండి అని పొగిడి, ఈయన వైపు తిరిగి నువ్వు కూడా జిమ్‌లో ఇంకొంచెం టైం పెట్టాలి అన్నాడట. చూసిన ప్రతివాడికీ సంగతి తెలుసు, ఆ పిచింగ్ కోచ్‌కీ తెలుసు. వాడనివాడికి బద్ధకస్తుడనే ముద్ర పడింది. ఇది చెప్తున్నప్పుడు ఆయన గొంతు మారిపోయింది, ఇరవై ఏళ్ళు దాటిపోయిన సంగతండీ అది.

అందుకే "అందరికీ సమానమే" అనే మాట వింటే నాకు కడుపు మండుతుంది. మన దగ్గర 2016లో తెలంగాణ ఎంసెట్-2 పేపర్ లీకైంది గుర్తుందా, అప్పుడు మనందరం బాధపడింది ఎవరి గురించి, ఫస్ట్ ర్యాంక్ గురించి కాదు, కొన్ని మార్కుల్లో సీటు పోయే పిల్లల గురించి. ఇదీ అంతే. అప్పట్లో మేజర్ లీగ్ టీమ్‌లో పాతిక చోట్లు. ఇరవై నాలుగో వాడూ ఇరవై అయిదో వాడూ ఇరవై ఆరో వాడూ మధ్య తేడా వెంట్రుకవాసి. ఇరవై అయిదో చోటు దక్కితే ఆ రోజుల్లోనే ఏడాదికి కనీసం రెండు లక్షల డాలర్ల జీతం, పెన్షన్ లెక్క మొదలు, దక్కకపోతే గోడౌన్. బాండ్స్, పెద్ద స్టార్ పిచర్ రోజర్ క్లెమెన్స్ వాడినా వాడకపోయినా వాళ్ళ చోటు వాళ్ళకుండేది. మందు అసలు తలరాత మార్చింది ఈ అంచు మీద ఉన్నవాళ్ళకి. డాన్ నాల్టీ అని ఒక పిచర్, మిన్నెసోటాకి, తర్వాత 1999లో యాంకీస్‌కి ఆడాడు, పెద్ద స్టార్ కాదు. స్టెరాయిడ్స్ మీద లీగే చేయించిన మిచెల్ రిపోర్ట్ కోసం విచారణ జరిగినప్పుడు పిలవగానే ముందుకొచ్చి తాను వాడానని, తన స్పీడ్ అలాగే పెరిగిందని చెప్పాడు, నిజాయితీగా ఆడిన వేరేవాళ్ళ చోటు తాను లాక్కున్నానని కూడా తర్వాత ఒప్పుకున్నాడు. హోమ్ రన్ రికార్డుల గురించి వేలసార్లు మాట్లాడుకున్న దేశంలో ఈ ముక్క గురించి మాట్లాడింది చాలా తక్కువ.

మరి లీగ్ వాళ్ళకి తెలీదా? తెలుసు. 1991లోనే అప్పటి కమిషనర్ (లీగ్‌ని నడిపే పెద్ద) ఫే విన్సెంట్ టీమ్‌లన్నిటికీ మెమో పంపాడు, డాక్టర్ రాయకుండా స్టెరాయిడ్స్ వాడటం నిషేధం అని. కానీ టెస్టింగ్ లేదు. టెస్ట్ లేకపోతే ఆ కాగితానికి విలువేముంది. 1998లో మెగ్వైర్ లాకర్లో ఆండ్రోస్టెన్‌డయోన్ అనే, ఒంట్లో టెస్టోస్టిరోన్‌గా మారే మందు సీసా ఒక రిపోర్టర్ కంటపడి రాశాడు, అది అప్పుడు షాపుల్లో దొరికేదే, బేస్‌బాల్‌లో నిషేధం లేదు, ఒలింపిక్స్‌లో, అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో మాత్రం ఉంది. జనం రాసిన రిపోర్టర్ మీదే విరుచుకుపడ్డారు. స్టేడియాలు నిండుతున్నాయి, టీవీ డబ్బులొస్తున్నాయి, ఓనర్లు కదలలేదు. ప్లేయర్ల యూనియన్ వాళ్ళు టెస్టింగ్‌కి ప్రైవసీ అని అడ్డంపడ్డారు. ప్రైవసీ చిన్న విషయం కాదని నేనూ ఒప్పుకుంటాను, కానీ ఆ యూనియన్‌లో వాడని మెంబర్లు కూడా ఉన్నారు కదా, వాళ్ళ తరఫున ఎవరు మాట్లాడాలి?

ఇంకా దారుణం, టెస్టింగ్ మొదట మొదలైంది మైనర్ లీగ్స్‌లో, 2001లో. ఎందుకంటే వాళ్ళకి అప్పట్లో యూనియన్ లేదు, అడిగే దిక్కు లేదు. మేజర్ లీగ్ టీమ్ నలభైమంది రోస్టర్‌లోకి (జాబితాలోకి) వెళ్ళిపోయినవాడు యూనియన్ మెంబర్ కాబట్టి వాడికి అప్పుడు టెస్ట్ లేదు. అంటే వెయ్యి డాలర్ల వాడికి పరీక్ష, కోటి డాలర్ల వాడికి పరీక్ష లేదు. తర్వాతి ఏళ్ళలో మైనర్స్‌లో దొరికిపోయినవాళ్ళలో డొమినికన్ రిపబ్లిక్ పిల్లలు చాలామంది. అక్కడ పదహారేళ్ళకే టీమ్‌లు సైన్ చేయించుకుంటాయి, బుస్కోన్ అని ఏజెంటూ ట్రైనరూ కలిసిన మనిషి ఒకడుంటాడు, పిల్లాణ్ణి పన్నెండు పదమూడేళ్ళప్పుడే చేరదీసి సైనింగ్ బోనస్‌లో వాటా తీసుకుంటాడు. ఆ వయసులో విటమిన్ ఇంజెక్షన్ అని చెప్పి పొడిస్తే పిల్లాడు ఏమని అడుగుతాడు.

మేజర్ లీగ్‌లో 2003లో పేర్లు బయటపెట్టం, శిక్షలుండవు, ఎంతమంది వాడుతున్నారో చూద్దాం అని సర్వే టెస్ట్ పెట్టారు. అయిదు శాతం దాటితే 2004 నుంచి సీరియస్ టెస్టింగ్ అని ఒప్పందం. టెస్ట్ ఉంటుందని అందరికీ ముందే తెలుసు, అయినా అయిదు నుంచి ఏడు శాతం మధ్య పాజిటివ్ వచ్చింది. అసలు సంఖ్య ఇంతకన్నా బాగా ఎక్కువే అయ్యుండాలి, ఎందుకంటే అప్పటి టెస్ట్‌కి దొరకని మందులున్నాయి. అయినా సరే, దానిమీద "అందరూ" అని తీర్పు ఇచ్చేయడం ఎంత అన్యాయమో ఆలోచించండి.

ఆ దొరకని మందుల కథే బాల్కో అనే సప్లిమెంట్ల కంపెనీ. బర్లింగేమ్‌లో, ఎస్ఎఫ్ఓ ఎయిర్‌పోర్ట్ పక్కనే, ఒక మామూలు ఆఫీసు బిల్డింగ్. ఇండియా నుంచి వచ్చేవాళ్ళని తీసుకురావడానికి ఎన్నోసార్లు ఆ పక్కనుంచే వెళ్ళాను. నడిపింది విక్టర్ కాంటే. వాళ్ళ దగ్గర రెండు సరుకులు, ద క్లియర్, ద క్రీమ్. క్లియర్ అంటే టీహెచ్‌జీ, పాట్రిక్ ఆర్నాల్డ్ అనే కెమిస్ట్ తయారుచేసిన కొత్త స్టెరాయిడ్, అలాంటిదొకటి ఉందని ల్యాబులకే తెలీదు కాబట్టి టెస్ట్‌లో కనపడదు. క్రీమ్‌లో టెస్టోస్టిరోన్‌తో పాటు ఎపీటెస్టోస్టిరోన్ కూడా కలిపేవాళ్ళు, ఎందుకంటే టెస్ట్‌లో చూసేది ఆ రెండింటి నిష్పత్తి, రెండూ పెరిగితే నిష్పత్తి మామూలుగానే ఉంటుంది. ఎంత తెలివో చూడండి. 2003లో ఒక అథ్లెటిక్స్ కోచ్ వాడేసిన సిరంజి ఒకటి అమెరికా యాంటీ డోపింగ్ ఏజెన్సీకి పంపిస్తే, యూసీఎల్ఏ ల్యాబ్‌లో డాన్ కాట్లిన్ టీమ్ అందులో ఏముందో కనిపెట్టింది. సెప్టెంబర్‌లో ఫెడరల్ ఏజెంట్లు బాల్కో మీద రైడ్ చేశారు. బాండ్స్ ట్రైనర్ గ్రెగ్ ఆండర్సన్ అందులో ఉన్నాడు. అది ఫ్లాక్స్‌సీడ్ ఆయిల్ అనుకున్నానని, కీళ్ళ నొప్పుల క్రీమ్ అనుకున్నానని బాండ్స్ గ్రాండ్ జ్యూరీకి చెప్పినట్టు తర్వాత పేపర్లో వచ్చింది. 2007 ఆగస్టు 7న బాండ్స్, హాంక్ ఆరన్ పేరు మీదున్న 755 కెరీర్ హోమ్ రన్ల రికార్డు దాటి 756వది కొట్టాడు, అదే ఏడు నవంబర్‌లో గ్రాండ్ జ్యూరీకి అబద్ధం చెప్పాడని ఆయన మీద చార్జ్‌షీట్. 2011లో న్యాయాన్ని అడ్డుకున్నాడని ఒక్కదాంట్లో దోషి అన్నారు, 2015లో అప్పీల్ కోర్టు అదీ కొట్టేసింది. తెలిసి వాడాడని ఏ కోర్టూ తేల్చలేదు, అది కూడా చెప్పాలి.

2005 మార్చిలో స్టెరాయిడ్స్ మీద అమెరికా కాంగ్రెస్ (వాళ్ళ పార్లమెంట్) పెట్టిన హియరింగ్ గురించి ఎక్కువ రాయను, పాత విషయాలు మాట్లాడ్డానికి రాలేదన్నాడు మెగ్వైర్, 2010లో ఒప్పుకున్నాడు. అక్కడే వేలు చూపించి నేనెప్పుడూ వాడలేదన్న ఇంకో స్టార్ బ్యాటర్ రఫాయెల్ పాల్‌మీరో 2005 ఆగస్టులోనే స్టానజొలాల్ అనే స్టెరాయిడ్‌తో దొరికిపోయాడు. నా మనసులో నిలిచింది ఆ రోజు మాట్లాడిన ఇంకొకాయన, డాన్ హూటన్. టెక్సస్ ప్లేనోలో ఆయన కొడుకు టేలర్ హైస్కూల్ పిచర్, స్టెరాయిడ్స్ వాడి ఆపేశాక డిప్రెషన్‌లోకి వెళ్ళి 2003లో పదిహేడేళ్ళకే ప్రాణం తీసుకున్నాడు. స్టెరాయిడ్స్ ఆపేసినప్పుడు ఒంట్లో సొంత టెస్టోస్టిరోన్ పడిపోయి ఉంటుంది, డిప్రెషన్ వస్తుంది, దీని గురించి జిమ్‌లో అమ్మేవాడు చెప్పడు. ఆ తండ్రి స్టార్ ప్లేయర్లున్న అదే హియరింగ్‌లో, మిమ్మల్ని చూసే మా పిల్లలు నేర్చుకుంటున్నారని నిలదీశాడు. ప్లేనో, ఫ్రిస్కో వైపు ఇప్పుడు మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు, పిల్లలు బేస్‌బాల్ ఆడుతున్నారు, ఫుట్‌బాల్ ఆడుతున్నారు. మావాడు పదో క్లాసులో ఉన్నప్పుడు వాడి టీమ్‌లో ఒక పిల్లాడు ఏదో పౌడర్ డబ్బా తెచ్చాడు, మావాడు నాకూ కావాలన్నాడు, మా ఆవిడ ఆ డబ్బా ఫొటో తీసి కోచ్‌కి పంపింది. ఆయన అరగంటలో ఇంటికొచ్చాడు. మావాడితో కూర్చుని తన కథంతా మొదటిసారి చెప్పింది అప్పుడే, నేనూ అప్పుడే విన్నాను. పిల్లలున్నవాళ్ళకి ఒకటే చెప్తాను, సప్లిమెంట్ కొనాల్సే వస్తే డబ్బా మీద ఎన్ఎస్ఎఫ్ సర్టిఫైడ్ ఫర్ స్పోర్ట్ అని ఉందో లేదో చూడండి, మేజర్ లీగ్ కూడా తన ప్లేయర్లకి అదే చెప్తుంది. మందుల విషయంలో కూడా డాక్టర్‌ని అడగండి, 2019లో మన పృథ్వీ షాకి ఎనిమిది నెలల బ్యాన్ పడింది దగ్గు సిరప్‌లోని టెర్బుటలిన్ వల్లే.

ఇప్పుడు ఆట శుభ్రంగా ఉందా అంటే, చాలా మెరుగు. 2007 డిసెంబర్‌లో మిచెల్ రిపోర్ట్ 89 మంది పేర్లు బయటపెట్టాక రూల్స్ బాగా బిగిశాయి, 2014 నుంచి మొదటిసారి దొరికితే 80 మ్యాచ్‌లు, రెండోసారి 162, మూడోసారి శాశ్వతంగా బయటికి, సస్పెన్షన్‌లో జీతం రాదు, ఆ ఏడు ప్లేఆఫ్స్ ఆడకూడదు. దొరుకుతూనే ఉన్నారు, 2022లో ఫెర్నాండో టాటీస్ జూనియర్, 2025లో జూరిక్సన్ ప్రొఫార్, రాబిన్సన్ కానో అయితే రెండుసార్లు. ఎందుకంటే లెక్క ఇప్పటికీ లాభంగానే తేలుతుంది. జానీ పెరాల్టా అనే ప్లేయర్ 2013లో బయోజెనిసిస్ (ప్లేయర్లకి మందులిచ్చిన ఫ్లోరిడా క్లినిక్) కేసులో 50 మ్యాచ్‌లు కూర్చుని, అదే ఏడు నవంబర్‌లో నాలుగేళ్ళకి 53 మిలియన్ డాలర్ల కాంట్రాక్ట్ తీసుకున్నాడు. సస్పెండ్ అయినవాడి కొత్త కాంట్రాక్ట్‌కి కొన్నేళ్ళపాటు లీగ్ కనీస జీతమే పరిమితి అని రూల్ పెట్టేదాకా ఇది ఆగదని నా అభిప్రాయం. ప్లేయర్లలోనే కొందరు ఇలాంటిది అడిగారు, యూనియన్ ఒప్పుకోదు.

ఇక హాల్ ఆఫ్ ఫేమ్, అంటే బేస్‌బాల్ గొప్పవాళ్ళకిచ్చే శాశ్వత గౌరవం. 75 శాతం ఓట్లు కావాలి, 2022లో బేస్‌బాల్ రిపోర్టర్ల ఓటింగ్‌లో ఆఖరి ఛాన్స్‌లో బాండ్స్‌కి 66, క్లెమెన్స్‌కి 65 శాతం చిల్లర వచ్చాయి. 2025 డిసెంబర్‌లో పాత ప్లేయర్లని మళ్ళీ పరిశీలించే కమిటీ దగ్గరికి వెళ్తే 16 మందిలో అయిదుగురు కూడా ఓటెయ్యలేదు, అదే రోజు బాండ్స్ పాత టీమ్మేట్ జెఫ్ కెంట్ 14 ఓట్లతో ఎన్నికయ్యాడు. అయితే ఆ ఏళ్ళన్నీ కమిషనర్ కుర్చీలో కూర్చున్న బడ్ సీలిగ్‌ని మాత్రం 2017లోనే హాల్‌లోకి తీసుకున్నారు. నా మాట ఏంటంటే సీలిగ్ ఉన్నచోట బాండ్స్ కూడా ఉండొచ్చు, పెట్టండి, ఫలకం మీద బాల్కో అని కూడా రాయండి. దానివల్ల మా కోచ్‌కి పోయేదీ లేదు వచ్చేదీ లేదు. ఆయన్నే అడిగాను బాండ్స్‌కి ఓటేస్తారా అని, వేస్తానన్నాడు వెంటనే, వాడంత గొప్పగా స్ట్రైక్ జోన్ (ఏ బంతి కొట్టాలో, ఏది వదలాలో తేల్చే గీత) చూసినవాణ్ణి నేను చూడలేదు అన్నాడు. ఆయనకి కావాల్సింది వేరే, ఆ రోజుల్లో పద్ధతిగా ఆడి రిలీజ్ అయిపోయిన మైనర్ లీగర్లకి లీగ్ ఒక్కసారైనా పబ్లిగ్గా మాకు తెలుసు, మేం పట్టించుకోలేదు అని చెప్పాలి, అప్పటి వాళ్ళకి పెన్షనో హెల్త్ ఇన్సూరెన్సో ఏదో ఒకటి ఇవ్వాలి. ఇది న్యాయమైన కోరిక అని నేను నమ్ముతున్నాను, మీరు అడిగిన "నష్టపోయింది ఎవరు" అనేదానికి నా జవాబు కూడా వాళ్ళే.